బుగాటీ రాయల్: ఆరు కార్లు, వాటి యజమానులు, రిస్టోరేషన్ – తరచుగా అడిగే ప్రశ్నలు

రెండో ప్రపంచ యుద్ధానికి ముందు తయారైన ఖరీదైన కార్లలో ఫ్రాన్స్‌లోని బుగాటీ కంపెనీ చేసిన టైప్ 41 పేరు ముందు వినిపిస్తుంది. అందరూ రాయల్ అని పిలిచేది దీన్నే. తయారైనవి ఆరే, ఆరూ ఇప్పటికీ ఉన్నాయి. ఏ కారు ఎప్పుడు ఎవరి చేతికి వెళ్లింది, ఎవరు దేన్ని మార్చారు అన్నది చాలావరకు రికార్డులకెక్కింది. పాత కార్ల మీద ఇష్టం ఉన్నవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాం. ధరల గురించి అడిగేవాళ్లే ఎక్కువ. ఆ జవాబూ ఉంది, కాకపోతే కొంచెం కిందకి వెళ్లాలి.

రాయల్ ఎంత పెద్ద కారు?

పొడవు దాదాపు 6.4 మీటర్లు. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య దూరమే 4.3 మీటర్లు. ఈ రోజుల్లో మామూలు హ్యాచ్‌బ్యాక్ మొత్తం పొడవు కూడా అంతే. బరువు మూడు టన్నుల పైమాటే. బానెట్ కింద ఒకే వరుసలో ఎనిమిది సిలిండర్లు, 12.7 లీటర్ల ఇంజన్. మొదటి నమూనా కారులోదైతే 14.7 లీటర్లు. గేర్లు మూడే, గేర్‌బాక్స్ వెనక యాక్సిల్‌తో కలిసి ఉంటుంది.

రేడియేటర్ మూత మీద వెనక కాళ్లపై లేచి నిలబడ్డ ఏనుగు బొమ్మ కనిపిస్తుంది. కంపెనీ అధిపతి ఎత్తోరే బుగాటీ తమ్ముడు రెంబ్రాంట్ చేసిన శిల్పానికి అది చిన్న రూపం. రెంబ్రాంట్ 1916లోనే చనిపోయాడు, రాయల్ రోడ్డెక్కడం ఆయన చూడలేదు.

పేరులో రాజసం ఉంది కదా, రాజులు కొన్నారా?

ఒక్కరూ కొనలేదు. ఎత్తోరే 25 కార్లు చేద్దామనుకున్నాడు. ప్రపంచంలోనే అతి ఖరీదైన కారు చేస్తే రాజకుటుంబాలు క్యూ కడతాయని ఆయన లెక్క. కారు అమ్మకానికి సిద్ధమయ్యేసరికి 1929 ఆర్థిక మాంద్యం వచ్చి పడింది. ఆసక్తి చూపించిన రాజుల్లో స్పెయిన్ రాజు అల్ఫోన్సో పేరు ఎక్కువగా వినిపిస్తుంది, కానీ 1931లో ఆయన సింహాసనమే పోయింది. చివరికి కొత్త కారుగా రాయల్ కొన్నవాళ్లు ముగ్గురే: ఫ్రాన్స్‌లో రెడీమేడ్ బట్టల వ్యాపారి, జర్మనీలో ప్రసూతి వైద్యుడు, ఇంగ్లండ్‌లో వారసత్వంగా ఆస్తి కలిసొచ్చిన ఒక కెప్టెన్. మిగతా మూడూ బుగాటీ ఇంట్లోనే ఉండిపోయాయి. నిజం చెప్పాలంటే, ఆ మూడు అమ్ముడుపోకపోవడమే తర్వాతి కాలానికి మేలు చేసింది. ఎలాగో యుద్ధం గురించిన ప్రశ్నలో చూడండి.

కార్లు ఆరే అయితే బాడీలు అంతకంటే ఎక్కువ అంటారేమిటి?

ఆ రోజుల్లో పెద్ద కారు కొనడం రెండు మెట్ల పని. కంపెనీ ఛాసిస్ ఇస్తుంది, అంటే ఫ్రేము, ఇంజన్, చక్రాలు, స్టీరింగ్. దాని మీద బాడీ కట్టేది కోచ్‌బిల్డర్. గుర్రపు బళ్లు కట్టిన సంస్థలే చాలావరకు ఈ పనిలోకి వచ్చాయి. కొన్నేళ్లకు యజమానికి బాడీ పాతబడిందనిపిస్తే దాన్ని తీసేసి కొత్తది కట్టించుకునేవాడు. అప్పట్లో అది వింతేమీ కాదు.

అందుకే రాయల్ కార్లను ఛాసిస్ నంబరుతోనే గుర్తిస్తారు. 41100, 41111, 41121, 41131, 41141, 41150. ముందున్న 41 మోడల్ నంబరు.

మొదటి ఛాసిస్ మీద ముందు ఒక ప్యాకార్డ్ కారు బాడీ తెచ్చి కూర్చోబెట్టారు. ఆ తర్వాత ఒకదాని వెంట ఒకటి బాడీలు మారాయి. ఎత్తోరే పారిస్ నుంచి తన ఫ్యాక్టరీ ఉన్న అల్సాస్‌కి వస్తూ స్టీరింగ్ దగ్గరే నిద్రపోయి దాన్ని గుద్దేశాడు. తర్వాత కట్టినదే ఇప్పుడు మనం చూసే కూపే నెపోలియన్, ఎత్తోరే కొడుకు ఝాన్ బుగాటీ గీసిన డిజైన్.

41111 కథ ఇంకా బాగుంటుంది. 1932లో దాన్ని కొన్న అర్మాన్ ఎస్డర్స్ తాను రాత్రిపూట కారు నడపనని, హెడ్‌లైట్లే వద్దని చెప్పాడు. ఝాన్ రెండు సీట్ల ఓపెన్ బాడీ గీశాడు. ముందు నుంచి వెనక దాకా అల లాగా సాగే మడ్‌గార్డులు, వాటి మధ్య దీపాల ఊసే లేదు. యుద్ధానికి ముందు వచ్చిన అందమైన బాడీల్లో ఇదొకటని ఒప్పుకోనివాళ్లు తక్కువ. కారు చేతులు మారాక కొత్త యజమాని దాన్ని తీయించేసి, హెన్రీ బిండర్ అనే కోచ్‌బిల్డర్ దగ్గర మూసి ఉండే బాడీ కట్టించాడు. కారు అదే, నంబరు అదే, చూడ్డానికి మాత్రం పూర్తిగా వేరే కారు.

యుద్ధం నుంచి ఎలా బయటపడ్డాయి?

ఇంత బరువున్న కార్లు జర్మన్ సైన్యం కంటపడితే తుక్కుగా కరిగించడానికో, అధికారులు తిరగడానికో పోయేవి. అమ్ముడుపోని మూడు కార్లను, అంటే 41100, 41141, 41150లను, బుగాటీ కుటుంబం పారిస్‌కి ఉత్తరాన ఎర్మెనాన్‌విల్‌లోని తమ ఎస్టేట్‌లో దాచింది. ఒకచోట పెట్టి ముందు గోడ కట్టేశారు. 41111 యుద్ధకాలమంతా పారిస్ మురుగుకాల్వల సొరంగాల్లో ఉందని చెబుతారు. ఇంగ్లండ్ కారుకి ఆ బెడద లేదు. జర్మన్ డాక్టర్ కారు అప్పటికే సముద్రం దాటేసింది.

రెండు ఫ్రిజ్‌లకు రాయల్ ఇచ్చేశారన్నది నిజమేనా?

కథ నిజమే, కాకపోతే సగమే చెబుతుంటారు. 1939లో టెస్ట్ డ్రైవ్‌లో ఝాన్ చనిపోయాడు. 1947లో ఎత్తోరే పోయాడు. యుద్ధం తర్వాత కుటుంబం దగ్గర డబ్బు లేదు. 1950లో ఎత్తోరే కూతురు లెబే 41141నూ 41150నూ కలిపి అమెరికన్ రేసర్, కార్ల సేకర్త బ్రిగ్స్ కన్నింగ్‌హామ్‌కి అమ్మింది. ఆయన ఇచ్చింది 2 లక్షల ఫ్రాంకులు, వాటితో పాటు రెండు కొత్త జనరల్ ఎలక్ట్రిక్ ఫ్రిజ్‌లు. ఆ డబ్బు అప్పటి లెక్కలో 600 డాలర్లు కూడా కాదు. ఫ్రిజ్‌లు అప్పట్లో ఫ్రాన్స్‌లో దొరికేవి కావు, కాబట్టి వాటి విలువ డబ్బులో చెప్పలేం. కన్నింగ్‌హామ్ మోసం చేశాడని కొందరు రాస్తుంటారు. నాకైతే అలా అనిపించదు. 1950లో పాత రాయల్‌ని కావాలని అడిగినవాళ్లు ఎవరూ లేరు, అది అంతా మర్చిపోయే మాట.

తుక్కు యార్డులో దొరికిన రాయల్ ఏది?

41121. రాయల్ రిస్టోరేషన్ గురించి, అంటే పాత కారుని బాగుచేసి మళ్లీ మునుపటిలా చేయడం గురించి మాట్లాడితే అసలు చర్చంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

1932లో దీన్ని కొన్నది యోసెఫ్ ఫుక్స్ అనే జర్మన్ డాక్టర్. మ్యూనిక్‌లో లుడ్విగ్ వైన్‌బర్గర్ దగ్గర నలుపు, పసుపు రంగుల్లో టాప్ తెరుచుకునే బాడీ కట్టించాడు. హిట్లర్ రాకతో దేశంలో పరిస్థితులు చెడిపోయాక ఫుక్స్ దేశం వదిలాడు, కారునూ వెంట తీసుకెళ్లాడు. ఇటలీ, ఆ తర్వాత ఆసియా, చివరికి 1930ల చివర్లో న్యూయార్క్. మూడు టన్నుల కారుని వెంటేసుకుని ఖండాలు దాటిన శరణార్థి ఇంకొకడు ఉన్నాడో లేదో!

న్యూయార్క్‌లో చలికాలం దాన్ని దెబ్బతీసింది. కారు బయటే ఉంది, ఇంజన్‌లో నీళ్లు అలాగే ఉన్నాయి. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది. పోత ఇనుము సాగదు, పగులుతుంది. బ్లాక్ పగిలింది. ఆ ఇంజన్‌కి అమెరికాలో విడిభాగాలు దొరకవు, బాగుచేసేవాళ్లూ లేరు. కారు తుక్కు యార్డుకి చేరింది. యుద్ధం నడుస్తోంది, ఇనుముకి గిరాకీ ఉంది.

అక్కడ దాన్ని గుర్తుపట్టింది చార్లెస్ చేన్. అప్పుడాయన బ్యూక్ కంపెనీ చీఫ్ ఇంజనీరు, తర్వాతి కాలంలో జనరల్ మోటార్స్ ఇంజనీరింగ్ వైస్ ప్రెసిడెంట్. కొన్ని వందల డాలర్లకి కొనేశాడు. 1947 నాటికి కారు మళ్లీ నడిచింది.

చేన్ చేసింది రిస్టోరేషనా, మార్పులా?

రెండూ. పగిలిన ఇంజన్‌ని బతికించాడు. ఒక్క కార్బ్యురేటర్ ఉన్నచోట నాలుగు పెట్టాడు. కేబుళ్లతో పనిచేసే బ్రేకులు తీసి హైడ్రాలిక్ బ్రేకులు బిగించాడు. నలుపు, పసుపు పోయి ముత్యపు తెలుపు, ముదురు ఆకుపచ్చ వచ్చాయి.

ఈ రోజు ఏ కాంకూర్‌లో అయినా, అంటే పాత కార్ల అందాల పోటీలో, ఇలాంటి పనికి జడ్జీలు మార్కులు కోసేస్తారు. కానీ 1940ల్లో పాత కారంటే వాడుకోవాల్సిన యంత్రం. చేన్ ఇంజనీరు. మూడు టన్నుల బండికి కేబుల్ బ్రేకులు సరిపోవనిపించింది, మార్చాడు. ఆయనకి దాన్ని నడపాలని ఉంది, అద్దాల వెనక పెట్టాలని కాదు.

ఇప్పుడైనా దాన్ని మొదటి రంగుకి మార్చొచ్చు కదా?

మార్చొచ్చు. కానీ ఎందుకు మార్చాలన్నది మా ప్రశ్న. ఆ తెలుపు, ఆ నాలుగు కార్బ్యురేటర్లు కూడా కారు చరిత్రలో భాగాలే. ఫుక్స్ దగ్గర ఆ కారు పదేళ్లు కూడా సరిగ్గా లేదు. చేన్ చేతుల్లోకి వచ్చాక, ఆ తర్వాత మ్యూజియంలో, అంతకు ఎన్నో రెట్ల కాలం తెల్లగానే ఉంది. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫివా 2012లో ఆమోదించిన టురిన్ చార్టర్ చెప్పేదీ దాదాపు ఇదే: వాహనం జీవితంలో జరిగిన మార్పులు కూడా చరిత్రే, చేసే ప్రతి పనినీ రాసి ఉంచాలి, వీలైనంతవరకు వెనక్కి తీసుకోగలిగేలా చేయాలి.

దీనితో ఏకీభవించనివాళ్లూ చాలామంది ఉన్నారు. 1932లో ఫ్యాక్టరీ గేటు దాటిన రోజున ఎలా ఉందో అలాగే చూడాలనేది వాళ్ల కోరిక. ఆ కోరిక అర్థమవుతుంది. కాకపోతే ఆ పేరుతో తీసేసిన పెయింటు, లెదరు మళ్లీ రావు.

రాయల్ ఇంజన్ రిపేరు ఎందుకంత కష్టం?

మామూలు ఇంజన్‌కి పైన హెడ్ విడిగా ఉంటుంది. బోల్టులు విప్పి హెడ్ ఎత్తితే వాల్వులు చేతికందుతాయి. రాయల్‌లో హెడ్, బ్లాక్ ఒకే పోత. సిలిండర్‌కి మూడేసి చొప్పున మొత్తం 24 వాల్వులు. వాటిని అరగదీసి సరిగ్గా కూర్చోబెట్టడం అప్పట్లో తరచూ చేయాల్సిన పని. దానికోసం ఆ భారీ బ్లాకునే బయటికి తీయాలి. లాభమూ ఉంది: హెడ్‌కీ బ్లాక్‌కీ మధ్య పెట్టే గాస్కెట్ లేదు కాబట్టి అది కాలిపోవడమన్న మాటే లేదు. మెకానిక్‌కి మాత్రం నడుం విరిగే పని.

పగిలిన పోత ఇనుముని ఈ రోజుల్లో చాలాచోట్ల వెల్డింగ్ చేయరు. వేడికి పక్కనే మరో పగులు రావచ్చు. పగులు వెంబడి రంధ్రాలు చేసి, ఒకదానిలోకి ఒకటి దూరేలా లోహపు పిన్నులు బిగించుకుంటూ పోతారు. మెటల్ స్టిచింగ్ అంటారు. వేడి అక్కర్లేదు, అసలు బ్లాక్ నిలుస్తుంది.

బాడీ లోపల చెక్క ఉంటుందన్నది నిజమా?

ఆ కాలపు కోచ్‌బిల్డర్ బాడీల్లో చాలావాటికి లోపల చెక్క చట్రమే, ఎక్కువగా యాష్ చెక్క. దాని మీద స్టీలు లేదా అల్యూమినియం రేకులు చేత్తో కొట్టి అమర్చేవారు. తడి దిగితే చెక్క పుచ్చుతుంది. పైన రేకు మెరుస్తూనే ఉంటుంది, తలుపు కిందకి జారడం మొదలయ్యాక గానీ లోపలి సంగతి తెలియదు. పాత చెక్కని పూర్తిగా తీసేసి కొత్తది పెట్టడం తేలిక. పుచ్చిన ముక్క వరకే కోసి అతకడం కష్టం, కానీ అదే సరైన పని. అసలు రంగు ఏదో తెలియాలంటే కూడా ఇలాంటి మూలలే చూడాలి: తలుపు కీళ్ల వెనక, డ్యాష్‌బోర్డ్ అడుగున, ఎవరూ మళ్లీ పెయింట్ వేయని చోట.

రాయల్ ఇంజన్లు రైళ్లకి వాడారట?

వాడారు, బుగాటీ ఫ్యాక్టరీని నిలబెట్టిందీ అవే. కార్లు అమ్ముడుపోక ఇంజన్లు మిగిలిపోతే, ఎత్తోరే వాటిని రైల్‌కార్లకి పెట్టాడు. 1933లో పారిస్, డోవిల్ మధ్య మొదలయ్యాయి. పెద్ద రైల్‌కార్‌కి నాలుగు ఇంజన్లు, శక్తిని తగ్గించి ఒక్కోటి సుమారు 200 హార్స్‌పవర్. రాజుల కోసం చేసిన ఇంజన్ మీద టికెట్టు కొన్న ప్రతివాడూ ప్రయాణం చేశాడు.

ములూజ్ మ్యూజియంలో రెండు రాయల్‌లు ఎలా చేరాయి?

ఉన్ని మిల్లుల యజమానులు ష్లుంఫ్ సోదరుల వల్ల. తమ్ముడు ఫ్రిట్స్‌కి బుగాటీల పిచ్చి. 1963లో బుగాటీ సంస్థ చేతులు మారుతున్న రోజుల్లో ఎత్తోరే సొంత కారు కూపే నెపోలియన్‌ని కొన్నాడు. ఇంగ్లండ్ కారు 41131 అప్పటికి లండన్ డీలర్ ద్వారా అమెరికాలో ఒక సేకర్త దగ్గరుంది. ఆయన దగ్గరున్న ముప్పై దాకా బుగాటీలను మొత్తంగా కొని రైలెక్కించి, ఓడలో తెప్పించాడు. పార్క్ వార్డ్ కట్టిన ఆ లిమోజిన్ అలా చేరింది.

ఇదంతా అల్సాస్‌లోని ములూజ్ పట్టణంలో, పాత మిల్లు షెడ్లలో, ఎవరికీ చూపించకుండా సాగింది. 1976లో మిల్లులు దివాలా దారి పట్టాయి, కార్మికులు సమ్మె చేశారు, సోదరులు స్విట్జర్లాండ్‌కి పారిపోయారు. 1977 మార్చిలో జీతాలు రాని కార్మికులు లోపలికి వెళ్లి చూస్తే వరుసలుగా వందల కార్లు, వందకు పైగా బుగాటీలు. కార్మికులు మ్యూజియాన్ని ఆక్రమించి నడిపారు. 1978లో ప్రభుత్వం సేకరణను చారిత్రక సంపదగా ప్రకటించింది, దానితో కార్లు దేశం దాటే దారి మూసుకుంది. 1982లో జాతీయ మ్యూజియంగా తెరిచారు. ఆ కార్లు ఎవరి డబ్బుతో నిలిచాయన్న ప్రశ్న అల్సాస్‌లో పాత కార్మిక కుటుంబాలని అడగాలి. సోదరుల అభిరుచి గొప్పదని రాసే వ్యాసాల్లో ఆ సంగతి ఒక్క వాక్యంలో దాటేస్తారు.

అక్కడే ఎస్డర్స్ రోడ్‌స్టర్, అంటే దీపాల్లేని ఆ రెండు సీట్ల ఓపెన్ కారు, కూడా ఉంది కదా? అది ఏడో రాయల్ కాదా?

కాదు. అది నకలు. విడిభాగాలు, అసలు రాయల్ ఇంజన్ వాడి, పాత ఫొటోలు చూసి బాడీ కట్టారు. పని చాలా బాగా చేశారు, మ్యూజియం కూడా నకలనే చెబుతుంది. ఇంజన్ నిజమైనదే కదా అని వాదించేవాళ్లకి మా జవాబు: 41111 అనే కారు వేరేచోట, బిండర్ బాడీతో బతికే ఉంది. ఒక చరిత్ర రెండు కార్లకి ఉండదు.

ఈ విషయంలో కోర్టు దాకా వెళ్లిన కేసు ఒకటుంది. 1929లోనూ 1930లోనూ లెమాన్ రేసు గెలిచిన 'ఓల్డ్ నంబర్ వన్' బెంట్లీకి తర్వాతి రేసుల కోసం దాదాపు అన్నీ మార్చేశారు. అమ్మకం ఒప్పందం కుదిరాక, ఇది ఆ కారే కాదని కొనేవాళ్లు వెనక్కి తగ్గారు. 1990లో లండన్ హైకోర్టు అది ఆ కారేనని తీర్పిచ్చింది. భాగాలు మారినా, మారిన ప్రతిసారీ మారింది ఆ కారులోనే. వరుస ఎక్కడా తెగలేదు.

యాజమాన్య చరిత్రను ఎలా రుజువు చేస్తారు?

ఫ్యాక్టరీ రికార్డులు, కోచ్‌బిల్డర్ బిల్లులు, రిజిస్ట్రేషన్ కాగితాలు, బీమా, తేదీ ఉన్న ఫొటోలు. తర్వాత లోహం మీద నంబర్లు: ఛాసిస్, ఇంజన్, గేర్‌బాక్స్, యాక్సిల్. కాగితం ఒక మాట, లోహం ఒక మాట చెబితే ముందు లోహం దగ్గరకే వెళ్లాలి. అయితే నంబరును కొత్తగా కొట్టడమూ తేలికే. అంకెల ఆకారం, లోతు, చుట్టూ ఉన్న ఉపరితలం చూస్తారు. 'కుటుంబంలో అలా చెప్పుకునేవారు' అన్నది సాక్ష్యం కాదు. ఎక్కడ వెతకాలో చెప్పే సూచన, అంతే.

ధర ఎంత?

1964లో నెవాడాలోని రెనోలో కార్ల సేకర్త బిల్ హారా 41111ని సుమారు 45,000 డాలర్లకి కొంటే అప్పట్లో సంచలనం. హారా పోయాక 1986లో ఆయన సేకరణలోని 41150 వేలంలో 65 లక్షల డాలర్లు పలికింది, ఏడాది తిరగకుండా డామినోస్ పిజ్జా స్థాపకుడు టామ్ మోనహన్ 81 లక్షలకు కొన్నాడు. 1987లో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో క్రిస్టీస్ వేలంలో 41141 పలికింది 55 లక్షల పౌండ్లు. ఫ్రిజ్‌లకి వచ్చిన రెండు కార్లలో ఇదొకటి. 1999లో 41111ని ఫోక్స్‌వాగన్ కొంది. అంతకు ముందు ఏడాదే బుగాటీ పేరు కూడా ఆ సంస్థ చేతికొచ్చింది. ధర 2 కోట్ల డాలర్ల దాకా ఉంటుందని పత్రికలు రాశాయి.

మార్పులు ఎక్కువ జరగని కారుకే విలువ ఎక్కువా?

ఇప్పుడు అవును. ఒకప్పుడు కొత్తదానిలా తళతళలాడాలి, చక్రం మీద గీత కనిపించకూడదు. ఇప్పుడు పాత లెదరు, పలచబడిన పెయింటు అలాగే ఉన్న కారుకి పోటీల్లో విడిగా విభాగాలున్నాయి. రాయల్‌లలో కెల్నర్ అనే కోచ్‌బిల్డర్ బాడీ ఉన్న 41141 మొదటి బాడీతోనే మిగిలింది. చేతులు మారిన సంఖ్య తక్కువైతే మార్పులూ తక్కువ. కన్నింగ్‌హామ్ దగ్గరే అది 36 ఏళ్లకు పైగా ఉంది.

ఆరూ ఎప్పుడైనా ఒకచోట చేరాయా? ఇప్పుడు ఎక్కడ చూడొచ్చు?

1985లో కాలిఫోర్నియాలోని పెబుల్ బీచ్‌లో ఆరూ కలిశాయి. ఎవరైనా వెళ్లి చూడగలిగినవి: 41100, 41131 ములూజ్ జాతీయ మోటార్ మ్యూజియంలో, 41121 అమెరికాలో డెట్రాయిట్ పక్కన డియర్‌బోర్న్‌లోని హెన్రీ ఫోర్డ్ మ్యూజియంలో. చేన్ దంపతులు దాన్ని 1950ల చివర్లో ఆ మ్యూజియానికి ఇచ్చేశారు. మిగతా మూడు ప్రైవేటు, కంపెనీ సేకరణల్లో ఉంటూ అప్పుడప్పుడూ ప్రదర్శనలకు వస్తుంటాయి. ములూజ్ వెళ్లేవాళ్లు అదే ఊళ్లోని రైలు మ్యూజియం సితే ద్యు ట్రాన్‌కి కూడా వెళ్లండి. రాయల్ ఇంజన్లతో నడిచిన బుగాటీ రైల్‌కార్ అక్కడుంది.